కడపకు మొక్కినోళ్లు

ఎల్లారెడ్డి శివారులో కొత్త ఇంటి గోడలు లేచాయి. బీడీలు చుట్టి ఆ ఇల్లు కట్టిస్తున్న ఆమె, మేస్త్రిని పక్కకు పిలిచింది. దర్వాజకు పూసిన పసుపు ఇంకా వెలిసిపోలేదు.

“తమ్మీ, ఈ దర్వాజ తీసి మళ్ల నిలబెడుతవా?”

“ఏందక్కా, నిలబెట్టి నెలన్న కాలే. ఎందుకు తీసుడు?”

“దర్వాజ పూజకు మా మరిది, తోడికోడలు కూసున్నరు గదా.”

“నువ్వే గదా పిలిచినవ్.”

“పిలిచిన. మొగుడు లేనిది కూసుంటే మంచిది కాదన్నరు. దూరం నిలబడి చూసిన. ఇప్పుడు మరిది ఏమంటుండో తెలుసా? దర్వాజ కడపకు మొక్కినోళ్లదే ఇల్లంట. ముందటి అర్ర వాళ్లకంట, నాకు వంటింట్ల మంచమంట.”

“పట్టా నీ పేరు మీదనే ఉన్నది గదా అక్కా.”

“చూపించిన. నవ్విండు. ఒక్కదానివి ఎట్లుంటవ్ వదినా అన్నడు.”

“పెద్దమనుషులను అడగకపోయినవా?”

“వాళ్లు గూడ పూజనాడు పాయసం తిన్నోళ్లే. ఇంటికి మొగదిక్కు ఉండనియ్యి అంటున్నరు.”

మేస్త్రి దర్వాజ చౌకట్టును అరచేత్తో తట్టి చూశాడు.

“దీని మీద లింటెల్ పోసినమక్కా. కదిలిస్తే గోడ పగులుతది. నాతోని కాదు.”

ఆమె ఆ చౌకట్టులోంచి లోపలి వంటింటి వైపు చూసింది.

“వంటింటి వెనుక గోడ కొంచెం తెరిస్తే పగులుతదా?”

“అదేం కాదు.”

“అక్కడొక చిన్న తలుపు పెట్టు.”

“పెడత. మరి దాని పూజకు ఎవలను కూసోబెడ్తవ్?”

“వెనుక తలుపుకు ఎవలూ మొక్కరు తమ్మీ. అదొక్కటన్న నాదైతది.”