ఆయన పంపిన చివరి సవరణ

బడి వదిలాక స్టాఫ్‌రూములో ఒంటరిగా కూర్చున్న టీచరుకు ఫోను వచ్చింది. చేసింది, పోయిన భర్తతో కలిసి నెట్‌లో స్వచ్ఛందంగా నిఘంటువు నడిపిన స్నేహితుడు.

“వదినా, అన్నయ్య చివరగా పంపిన సవరణ నా దగ్గరే ఆగింది. ఎవరి సవరణైనా ఇంకొకరు చూసి సరేనంటేనే నిఘంటువును నడిపే కోడులో కలపాలని మా నియమం.”

“మరి కలపలేదేం?”

“అందులో తప్పుంది. కలిపితే, వెతికేవాళ్లకు సగం మాటలు దొరకవు.”



“మీతో పనిచేసే మిగతావాళ్లేమంటున్నారు?”

“ఆయన గుర్తుగా కలిపేయమంటున్నారు. నాకు చెయ్యాడటం లేదు. తిప్పి పంపడానికీ మనసొప్పడం లేదు.”

“ఆ నియమం పెట్టిందెవరు?”

“అన్నయ్యే.”

“నా ప్రశ్నపత్రాల్లోనే తప్పులు పట్టిన మనిషయ్యా. ఆయనకు మినహాయింపేమిటి? తిప్పి పంపు.”

“సరే వదినా.”

“కారణం మాత్రం వివరంగా రాయి. ఊరికే కాదంటే ఆయన ఒప్పుకోరు.”