నొప్పి లేని రోగం మీద గెలుపు

ఈ వీడ్కోలు సభకు అధ్యక్షత వహిస్తున్న మదన్‌మోహన్ గారికి, జహీరాబాద్ పెద్దలకు, దవాఖానలో నాతో పనిచేసిన మిత్రులకు, పొద్దున్నే బస్సెక్కి వచ్చిన మొగుడంపల్లి వాళ్లందరికీ నమస్కారం. ఇంతసేపూ నన్ను పొగుడుతుంటే నా బీపీ పెరిగేలా ఉందని భయమేసి మైకు అందుకున్నాను. (నవ్వులు)

డెబ్బై తొమ్మిదిలో, మొగుడంపల్లి చెరకు రైతు వీరన్న తన భార్య నీలమ్మను ఎడ్లబండిలో నా దగ్గరికి తెచ్చేసరికే ఆమెకు కుడి చెయ్యి, కాలు పడిపోయాయి, మాట పోయింది. గాలి సోకిందని ముందు మంత్రం వేయించారట. ప్రాణం నిలబెట్టగలిగాను గానీ, పక్షవాతం వచ్చాక డాక్టరు చేయగలిగింది ఎంత తక్కువో తెలిసి ఆ రోజు బాగా కుంగిపోయాను. అసలిది ఎవరికి వస్తోంది, ఎందుకు వస్తోంది, రాకముందే ఆపలేమా అనుకుంటూ మేము ఊరూరా తిరిగి పెద్దవాళ్లందరికీ రక్తపోటు చూశాం; ఉప్పు గురించి, బీడీల గురించి అడిగాం. పక్షవాతం వచ్చినవాళ్లలో చాలామందికి రక్తపోటు ఎక్కువ. ఆ సంగతి వాళ్లకు తెలియనే తెలియదు.

తెలిస్తే మాత్రం మందు మింగుతారా? వీరన్నకే రక్తపోటు ఎక్కువని తేలితే, "నాకేం నొప్పి లేదు డాక్టరమ్మా. నిన్న గూడ చెరుకు కొట్టిన. రోగం లేనోనికి గోళీలెందుకు?" అన్నాడు. ఊరంతా అతని వైపే. పల్లెల్లో రోజూ మాత్ర ఎవరూ వేసుకోరు, ఈ పరిశోధన మూసేయండని పై అధికారి కూడా చెప్పి వెళ్లారు.

అప్పటికి నీలమ్మకు మాట కొద్దికొద్దిగా తిరిగొస్తోంది. ఒక రోజు కాలీడ్చుకుంటూ మా శిబిరానికి వచ్చి, అందరి ముందూ భర్తకు ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా కూడగట్టుకుంటూ అన్నది.

"నాకు గూడ... ఏం నొప్పి లేకుండె. రొట్టె చేసుకుంట... పడిపోయిన. నువ్వు గూడ పడితే... నన్నెవరు చూస్తరు?"



"ఆ గోళీలు ఇటియ్యి డాక్టరమ్మా" అన్నాడు వీరన్న.

ఆనాటి నుంచి నీలమ్మ ఇల్లిల్లూ తిరిగింది. పచ్చళ్లలో ఉప్పు గురించి ఆడవాళ్లతో, బీడీల గురించి మగవాళ్లతో పోట్లాడింది. వీరన్నా, తల దించుకోకు, ఊళ్లో అందరికన్నా ముందు బీడీ మానింది నువ్వే. (నవ్వులు)

మిత్రులారా, మేము పనిచేసిన ఊళ్లలో కొత్తగా పక్షవాతం వచ్చేవాళ్లు ఈ ఎనిమిదేళ్లలో సగానికి తగ్గారు. ఇంకా పని మొదలుపెట్టని ఊళ్లలో తగ్గలేదు. హైదరాబాద్‌లో వైద్యుల సభలో ఈ మాట చెప్పి వేదిక దిగుతుంటే, మూసేయమన్న ఆ అధికారే ఎదురొచ్చి, "దీన్ని మిగతా పల్లెలకు ఎట్లా తీసుకుపోదాం డాక్టరుగారూ?" అని అడిగారు. ఆ పల్లెల్లోనూ మొదలుపెట్టమని నిన్న ఆర్డరు కూడా వచ్చింది. (చప్పట్లు)

ఉద్యోగం వదిలి వెళ్తుంటే గుండె బరువుగానే ఉంది, దాచను. కానీ గెలిచి వెళ్తున్నాను. వచ్చే సోమవారం ఝరాసంగంలో, కొత్త ఊళ్లలో మొదటి శిబిరం; అక్కడ మాట్లాడేది నీలమ్మ. ఇన్నేళ్లూ నన్ను మీ ఇళ్లలోకి రానిచ్చినందుకు, నొప్పి లేకపోయినా నా మాట నమ్మి రక్తపోటు పరీక్షకు చెయ్యి చాపినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు చెప్పుకుంటూ, సంతోషంగా సెలవు.