హాలు తాళం ఎవరికి

వీధి హాలుకి ఆనుకున్న ఇల్లు. ముందుగదిలో నాయనమ్మ, పదో తరగతి చదివే మనవరాలు.

“ఇలా దగ్గరికి రా తల్లీ, మంచం మీద కూర్చో. కాసేపట్లో వీధిలో పెద్దవాళ్ళంతా వస్తారు. వాళ్ళొచ్చేలోగా నాకొక్కదానికే చెప్పు. హాలు కిటికీ అద్దం నువ్వే పగలగొట్టావా?”

“నేనే నాయనమ్మా.”

“దేంతో?”

“రాయితో.”

“ఎంత రాయి?”

“మామూలు రాయే.”

“మామూలు రాయి. నువ్వు. బస్సులో ముసలాళ్ళు ఎక్కకముందే లేచి నిలబడే పిల్లవి.”

“కోపమొచ్చింది. విసిరాను.”

“ఎవరి మీద?”

“ఉంటుంది కదా, ఈ వయసులో.”

“నీకా? మొన్న కుర్చీ కాలు తగిలితే కుర్చీకి సారీ చెప్పావు.”

“ఇప్పుడు నన్నేం చేస్తారు?”

“మన వీధి పద్ధతి నీకు తెలియనిదా? ఎవరు దేన్ని పాడుచేస్తే ఇకమీదట దాన్ని చూసుకోవడం వాళ్ళ పని. మెకానిక్ సంగతి విన్నావుగా. నీ ఈడున్నప్పుడు వీధి మైకు విప్పదీశాడు, మళ్ళీ బిగించడం చేతకాలేదు. వాళ్ళ నాన్న తంతానని లేచాడు. మీ తాతయ్య అడ్డంపడి, తన్నకు, మైకు వాడికే అప్పగిద్దాం అన్నారు. ఇవాళ మైకొక్కటే కాదు, ఎవరింట్లో మోటారు మూగబోయినా వాడే దిక్కు.”

“దర్జీ అక్క కూడా.”

“అదీ అంతే. పంపు కట్టేయడం మర్చిపోయి వీధంతా చెరువు చేసింది. అందరూ నోరు చేసుకుంటుంటే పంపు తాళం దాని చేతిలోనే పెట్టాం. ఆ తర్వాత ఒక్క చుక్క పోనిస్తే ఒట్టు. నేను రెండో బకెట్ పడితే ఇప్పటికీ గుడ్లురుముతుంది.”

“అయితే హాలు తాళం నాకిస్తారా?”

“ఏమే, అంత తొందరగా అడిగావు?”

“ఊరికే.”

“శిక్షేమిటని కదా అడగాల్సింది.”

“అదే అడిగాను.”

“సరే, తాళం తీసుకుని ఏం చేస్తావు?”

“ఊడుస్తాను. విరిగిన కుర్చీలన్నీ బయట పడేస్తాను. వాటి కింద టేబుల్ టెన్నిస్ బల్ల ఉంది కదా, మేం నలుగురు ఆడపిల్లలం సాయంత్రాలు ఆడుకుంటాం. అబ్బాయిలకి రోడ్డుంది, టీకొట్టుంది. మాకున్నవి మేడమెట్లు. అక్కడా పైవాళ్ళు వచ్చినప్పుడల్లా లేచి దారివ్వాలి.”

“ఎప్పట్నుంచో ఆలోచించి పెట్టుకున్నట్టున్నావే.”

“నిన్నెన్నిసార్లు అడగలేదూ? తాళం నీ దిండు కిందే ఉందిగా.”

“అడిగావు. బుద్ధిమంతురాలివి, నీకెందుకమ్మా ఈ బరువులు అన్నాను.”

“ప్రతిసారీ అదే అన్నావు.”

“ఊఁ. నిన్న సాయంత్రం ఈదురుగాలి వచ్చినప్పుడు నేనీ మంచం మీదే ఉన్నాను. హాలు కిటికీ రెక్క టపటపా కొట్టుకుంది. తర్వాత అద్దం పగిలింది. కళ్ళు మూసుకునే ఉన్నా చెవులు పనిచేస్తాయి కదా.”

“కళ్ళెందుకు మూసుకున్నావు?”

“నువ్వు నా కంట్లో మందు చుక్కలు వేస్తున్నావు కాబట్టి.”

“...చుక్కలు వేశాక వెళ్ళి కొట్టానేమో.”

“పగిలిన అద్దాన్నే మళ్ళీనా?”

“వాళ్ళకి చెప్పకు నాయనమ్మా.”

“పద్ధతి ప్రకారమైతే తాళం గాలికివ్వాలి.”

“చెప్పకు. నేను పగలగొట్టలేదని తెలిస్తే నాకివ్వరు.”

“ఆ మాట ఇంకోసారి అను.”

“పగలగొట్టలేదని తెలిస్తే ఇవ్వరు.”

“అవును కదే. ఇన్నేళ్ళూ పాడుచేసినవాళ్ళనే పిలిచి పనప్పగించాం. ఏదీ పాడుచెయ్యని దాన్ని మెచ్చుకుని, మెట్లమీద కూర్చోబెట్టాం. తలుపు చప్పుడవుతోంది, వచ్చినట్టున్నారు.”

“ఏం చెప్తావు?”

“గాలేనని చెప్తాను. నువ్వు మాత్రం తలుపు తీసేముందు ఇంకోసారి అడుగు.”

“ఏమని?”

“ఎప్పుడూ అడిగేదే.”

“...హాలు తాళం ఇస్తావా నాయనమ్మా?”

“ఇదిగో. లోపల పెట్టి కాస్త పైకెత్తి తిప్పాలి, లేకపోతే రాదు. ఇదంతా గుర్తుపెట్టుకో తల్లీ. రేపు ఏ పిల్లయినా వచ్చి నీకు తాళమెలా వచ్చిందంటే, గాలి సంగతీ, లేని రాయి సంగతీ అన్నీ చెప్పు. చివర్లో మాత్రం, అడిగితే ఇచ్చిందని చెప్పు.”