దేనికైనా యస్ సార్

హలో… ఆఁ, నేనే ఆంటీ. మీ లాయర్‌ని, శామ్‌ని.

లేదు లేదు, కోర్టు సోమవారమే. కంగారుపడకండి… ముందు ఆ 'సార్' మానేయండి, మా అమ్మ వయసు మీది.

ఒక సంగతి అడగాలి. ఇందాక మా ఆఫీసు నుంచి బస్సులో వెళ్తారా అంటే యస్ సార్ అన్నారు. ట్రైన్‌లోనా అంటే దానికీ యస్ సారే. కిటికీలోంచి చూస్తే మీరు వానలో నడిచిపోతున్నారు! అప్పట్నుంచీ నా మనసు కుదురుగా లేదు.

పోలీసాయనతో కూడా ఇలాగే అన్నారా?… మీరు పనిచేసే వృద్ధుల హోమ్‌లో ముసలావిడ ఉంగరం నువ్వే తీశావా అంటే?…

పెద్దవాళ్లకి ఎదురు చెప్పకూడదనా? అయ్యో, ఆంటీ…

మరి నాతో? తప్పు ఒప్పేసుకుందాం, తేలిగ్గా పోతుంది అన్నాను. యస్ సార్ అన్నారు…

నాకూ అంతేనా.

— కాదు, తప్పు నాది. ఇంటర్‌ప్రెటర్ ఎందుకు, నేను తెలుగువాణ్ణేగా అని బాస్ దగ్గర గొప్పలు పోయాను. తీరా మీ ముందు కూర్చుని గడగడా ఇంగ్లీషు దంచాను. పది నిమిషాల్లో తేల్చేసి శభాష్ అనిపించుకుందామని. సిగ్గేస్తోంది.

ఇప్పుడు చెప్పండి. మీరు తీశారా?…

మళ్లీ 'మీకేది మంచిదని తోస్తే అదే సార్' అనా!

సరే, మీరే నన్నో మాట అడగండి. ఏదైనా…

భోజనమా? లేదు, చెయ్యలేదు. ఎవరితో చేస్తాను? టైపిస్టు కూడా వెళ్లిపోయింది. ఈ సిడ్నీ శివార్లలో, బ్లాక్‌టౌన్‌లో గదికెళ్తే నేనూ, నాలుగు గోడలూ. ఇలా తెలుగులో మాట్లాడి నెల దాటింది, ఆంటీ…

చూశారా, మీరడిగితే లేదన్నాను. కోప్పడ్డారా? నేనూ కోప్పడను. ఉద్యోగం మీది, పరువు మీది. ఆ ఉంగరం మీరు తీశారా?

…

…ఏమన్నారు? గట్టిగా.

'తియ్యలేదు' అన్నారు.

ఆఁ, రాసుకుంటున్నాను… ఉంగరం పోయిన రోజు, ఆ గురువారం, మీకు డ్యూటీయే లేదా! రోస్టర్, ఆ డ్యూటీల పట్టిక, వంటగది తలుపుకే ఉందా?… ఇన్నాళ్లూ నేను అడగనే లేదు. ఇంకేం ఒప్పుకోవద్దు. ఇంటర్‌ప్రెటర్‌నీ పిలిపిస్తాను.

ఏడవకండి…

ఆంటీ, ఇంకాసేపు మాట్లాడతారా? కేసు గురించి కాదు. ఊరికే…

కుదరదా?

ఓ, ప్రార్థనకి వెళ్లాలా… మీవాళ్లు గేటు దగ్గర ఎదురుచూస్తున్నారా…

అబ్బే, నేనేమీ అనుకోను. కుదరదని బాగా అన్నారు. సోమవారం కోర్టులోనూ ఇలాగే అనండి.

వెళ్లండి. లేదు, ముందు మీరే పెట్టేయండి…

ఆంటీ?… పెట్టేశారు.