ప్రతి వెయ్యో ప్యాకెట్

తన గుండా పోయే డేటా ప్యాకెట్లన్నిటినీ చూడబోతే రౌటర్‌కి ఊపిరాడదు, అందుకే వరసలో ప్రతి వెయ్యో ప్యాకెట్‌నే రాసుకుంటుంది. ఈ సంగతి ఆఫీసులో తెలిసింది ఇద్దరికే, నాకూ, నేను ఉద్యోగం ఇప్పించిన మరిదికీ, అనుకుంటూ ఆమె అతని కుర్చీ పక్కన నిలబడింది.

“వారం నుంచి బయటికెళ్లే లైను నిండిపోతోంది. రౌటర్ రాసుకున్న జాబితాలో మాత్రం అంత పంపేవాళ్లెవరూ లేరు. ఎలాగంటావు?”

“వెయ్యిలో ఒకటేగా చూసేది వదినా. దొరికుండదు.”

“వారమంతానా? వెయ్యోది ఎప్పుడొస్తుందో తెలిసినవాళ్లెవరో సరిగ్గా అక్కడ తప్పుకుంటున్నారు. లోపలున్నవి ఖాతాదారుల ఫైళ్లు నాయనా.”

“అంటే దొంగని నేనా? అన్నయ్యతోనూ ఇదే అన్నావా?”

“ఇంకా అనలేదు. వరస లెక్క మానేద్దాం. వెయ్యిలో ఏదో ఒకటి, చీటీ తీసినట్టు తీస్తుంది. రౌటర్‌కి భారం ఇప్పుడున్నంతే. కాకపోతే ఏది తీస్తుందో నాకూ తెలీదు, నీకూ తెలీదు.”

“భేషుగ్గా ఉంది. రేపు మారుద్దాంలే.”

“నిమిషం పనికి రేపెందుకు?”

“ఈ ఒక్క పూట ఆగు వదినా. నీకు దణ్ణం పెడతాను.”

“ఎందుకాగాలో చెప్పు, ఆగుతాను.”

అతను కీబోర్డు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చేతిని ఆమె మెల్లగా పక్కకి జరిపి, లెక్క మార్చి, మీట నొక్కింది.