సీజన్ మారిన జపాన్ బొమ్మలు

ఈ సభను నడిపిస్తున్న మా సమాజం పెద్ద పర్శరాములన్నకు, ముంగటి వరుసల కూసున్న అక్కలకు, చెల్లెండ్లకు, ధామన్కర్ నాకా ట్రాఫిక్‌ల ఇరుక్కొని ఇప్పుడే చెమట తుడుసుకుంట లోపలికొస్తున్న నర్సింగ్ బావకు, అందరికీ శనార్థులు. కూసో బావా, ఛాయ్ ఇంక అయిపోలే. (నవ్వులు)

నాగావ్‌ల నా పవర్‌లూమ్ కార్ఖానా మీకందరికీ ఎరికే. మా ఆఫీసుల కంప్యూటర్ మీద బట్టలకు డిజైన్లు గీసే గాలయ్య బిడ్డ రోజా, పని ఇడిసిపెట్టి అంధేరిల కార్టూన్ బొమ్మల స్టూడియోకు పోతున్నది. గందుకే ఈ వీడ్కోలు.

గక్కడ ఏం పని అని నన్ను అడగనోళ్లు లేరు. నాకూ తెల్వకపోయేది. రోజానే చెప్పింది. జపాన్‌ల ముందుగాల ఒక వీడియో గేమ్ తీస్తరట, అది పిల్లలకు నచ్చితే గేమ్ కంపెనీ, టీవీ కంపెనీ, పాటల కంపెనీ, ఆటబొమ్మలమ్మే కంపెనీ కలిసి పెట్టుబడి పెట్టి, గా గేమ్‌ను టీవీల బొమ్మల సీరియల్ చెయ్యనీకి ఒక కమిటీ కడ్తరట, మన సమాజం కమిటీ తీర్గ కాదు పర్శరాములన్నా, గా కమిటీ పని చేస్తదట (నవ్వులు), ఆ తర్వాత కథ రాసి, పెద్ద ఆర్టిస్టు చెయ్యి లేపిన బొమ్మొకటి, దించిన బొమ్మొకటి గీస్తడట, ఆ రెంటి నడుమ చెయ్యి మెల్లగ దిగే బొమ్మలన్ని వేరేటోళ్లు గీస్తరట. గా నడిమి బొమ్మలల్ల కొన్ని అంధేరికొస్తయి. రోజా మా దగ్గర పని చేసుకుంటనే ఆదివారాలు పోయి గవే గీసింది. వానల ఒక పిల్ల గొడుగు ముడుస్తది, టీవీల చూస్తే రెప్పపాటు. గా గొడుగు ముడిసింది మన రోజా!

ఆ సీరియల్ మొదటి భాగం ఇయ్యాల రిలీజ్ ఉండె. అందరం కలిసి చూద్దామని పర్శరాములన్న ఇంత పెద్ద తెర కట్టించిండు. మొన్న కబురొచ్చింది: బొమ్మలు అనుకున్నంత మంచిగ రాలేదు, ఈ సీజన్‌ల ఇడుస్తలేరు, వచ్చే సీజన్‌కు ఇడుస్తరు.

సీజన్ తప్పిందనంగనే గాలయ్య ఇంట్ల పొయ్యి ఎలగలే. ఆయన తప్పు కాదు. దీపావళి సీజన్ పోయినంక తయారైన మాల్ మన దగ్గర ఎవ్వడు కొంటడు? కాల్హేర్ గోదాముల పడి ఉంటది. గల్లీల ఉన్నోళ్లంత పలకరించ వచ్చిరి. పోచవ్వ అత్తయితే రోజాను పట్టుకొని ఏడ్చింది. అవునా కాదా అత్తా? (నవ్వులు)

నిన్న రోజా నా దగ్గరికొచ్చి, "కాకా, నేను అంధేరి పోను. నా కుర్చీ నాకియ్యి" అన్నది.

"గాళ్లకు సీజన్లెన్ని బిడ్డా?" అని అడిగిన.

"నాలుగు కాకా. మూడు నెలలకొకటి."

"మూడు నెలలే గదా! మరి స్టూడియోటోళ్లు నిన్ను వద్దన్నరా?"

"అనలే. సోమవారం రమ్మన్నరు. కొన్ని బొమ్మలు మళ్ల గీయాలెనట. గిన్ని గీసినంక ఎవ్వరు చూడకపోతే ఎట్ల కాకా?"

దానికి జవాబు ఇప్పుడు అందరి ముంగట చెప్తున్న. రోజా, గా కుర్చీ ఖాళీగనే ఉన్నది. నీ అసొంటి చెయ్యి నాకు మళ్ల దొరకది, నువ్వు లేకుంటే ఆఫీసుల నాకు మనసున పట్టది. కని గా కుర్చీ నీకు ఇయ్యనంటే ఇయ్యను.

గాలయ్యా, నన్నట్ల చూడకు. గాళ్లు మాల్ బాగలేదని అమ్మకుంట ఆపిండ్రు. మనం ఎన్నడన్న ఆపినమా? పోగు తెగిన బట్టను మడత లోపలికి పెట్టి పంపినం. (నవ్వులు) నవ్వుడు కాదు, నిజం చెప్తున్న. అసొంటి తాన పని నేర్చుకునే రాత మన ఇండ్లల్ల ఎవ్వరికొచ్చింది? భయమైతది బిడ్డా, నాకూ అయితున్నది. భయపడుకుంటనే పో. ఎవ్వరు చూడకున్నా, ఆ గొడుగు ముడిసేది మేం చూస్తం.

ఇంతసేపు ఓపికతోటి విన్న మీ అందరికీ దండాలు. మనందరికి ఇగ సెలవు. రోజాకు మాత్రం సెలవు లేదు, సోమవారం పొద్దుగాల బస్సెక్కాలె.