నీలం పట్టీ గొర్రెలు

పాల గొర్రెల ఫారం, ఉదయం. అక్క పాలు పితుకుతోంది. పొదుగువాపుకి టీకా తయారుచేసిన చెల్లెలు పక్కనే నిలబడి ఉంది.

“ఇది కూడానా, అక్కా?”

“ఇది కూడా. పొదుగు రాయిలా ఉంది, కాలిపోతోంది. పాలు చూడు, అన్నీ గడ్డలే.”

“మెడపట్టీ?”

“కనిపిస్తోందిగా. నీలం.”

“తొమ్మిది! తొమ్మిదీ నా టీకా వేసినవే. పోల్చి చూడ్డానికి ఉత్త ఉప్పునీళ్లు ఎక్కించిన పసుపు పట్టీలవి మాత్రం గంతులేస్తున్నాయి. పదింటికి కమిటీ వస్తోంది. ఇది చూశారంటే ఆరేళ్ల పని మూసేసి పోతారు.”

“పోతే పోనీ. ఇంకోటి చేస్తావు. చదువుకున్నదానివి.”

“ఆ మాటలోనే ఉంది నీ కడుపుమంట.”

“ఉంది. లేదన్నానా? నాన్న నీకు పుస్తకాలు కొన్నాడు, నాకు బకెట్టు కొన్నాడు. పేపర్లో నీ ఫోటో వేశారే, అందులో గొర్రెని పట్టుకున్న చెయ్యి నాది. మోచేతి దగ్గర కత్తిరించారు.”

“అందుకని నా టీకా పాడుచేస్తావా?”

“నేనా?”

“సూదులు వేసిన రోజు గొర్రెల్ని పట్టుకుంది నువ్వు. రోజంతా వాటి దగ్గరుండేది నువ్వు. మా ఆయన నిన్ననే అన్నారు, ‘మీ అక్క చెయ్యి లేకుండా ఇది జరగదు’ అని. నేనే కొట్టిపారేశాను.”

“ఓహో! పశువుల డాక్టరుగారు అలా సెలవిచ్చారా?”

“ఆయన్ని ఏమీ అనకు. కమిటీ ఆయన టీకా పక్కనపెట్టి నాది తీసుకున్నా ఒక్క మాట అనలేదు మనిషి. ఇప్పుడు కూడా నా కోసమే కమిటీవాళ్లని తీసుకురావడానికి గేటు దగ్గరికెళ్లారు.”

“సరే, సరే. అదిగో, ఆ కొమ్ములదాన్ని చూడు. రోజూ పాలు పితికే గట్టు మీదికి ఎక్కడంలో అదే ముందు. దాని పట్టీ ఏ రంగు?”

“పసుపు.”

“సూది వేసినప్పుడు నీలం.”

“ఏంటీ?”

“నువ్వు పట్టీ చూసి గొర్రెని గుర్తుపడతావు. నేను పొదుగు చూసి గుర్తుపడతాను. జబ్బుపడ్డ ఈ తొమ్మిదింటికీ ఆ రోజు పసుపు పట్టీలే. ఇవి ఉప్పునీళ్ల గొర్రెలు. నీ టీకా పడ్డ ఒక్కదానికీ పొదుగు వాచలేదు.”

“పట్టీలు మార్చేశారా? అంటే... అంటే నా టీకా...”

“పనిచేస్తోంది, మహాతల్లీ. నా మాట నమ్మకు. రక్తం తీసి పరీక్ష చేసుకో.”

“ఎప్పట్నుంచి తెలుసు నీకు?”

“పన్నెండు రోజులు.”

“పన్నెండు రోజులు నోరు మూసుకున్నావా!”

“మూసుకున్నాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నువ్వు ఓడిపోతే చూడాలనిపించింది. ఇవి ఇలా నొప్పితో మూలుగుతుంటే ఆ సరదా కాస్తా తీరిపోయింది.”

“ఎవరు మార్చారు?”

“ముందు ఈ గొర్రెకి మందు వెయ్యి.”

“ఎవరక్కా?”

“వద్దులే.”

“నువ్వేనని చెప్పమంటావా కమిటీకి?”

“అబ్బ! అందరూ భోజనాలకెళ్లినప్పుడు. నేను బకెట్టు మర్చిపోయి వెనక్కొచ్చాను. కింద కూర్చుని పట్టీలు విప్పుతున్నాడు. నన్ను చూసి ఉలిక్కిపడి, ‘బిగుతుగా ఉన్నాయి వదినా, వదులు చేస్తున్నా’ అన్నాడు.”

“నిన్ను వదినా అనేది ఇక్కడ...”

“ఒక్కడే. ఇష్... వాళ్లొచ్చేశారు. ఇప్పుడేం అనకు. ఇంటికెళ్లి తేల్చుకోండి. కాపురం అమ్మా, కాపురం!”

“నమస్కారమమ్మా, కమిటీ తరఫున వచ్చాం. దారిలో మీ ఆయన అంతా చెప్పారు. పాపం, మీ గురించే బెంగ ఆయనకి. ఇంతకీ తప్పెక్కడ జరిగిందో ఏమైనా తెలిసిందా?”

“తెలిసింది సార్. మీ పక్కనే ఉన్నాడు. పట్టీలు మార్చింది మా ఆయన.”